పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి సైక్లికల్ లో కార్బ్ కుదిరే పనేనా? ఏడు వారాలైంది, తల తిరుగుతోంది

కెమెరా_కిట్టు
ఉండేది మూసాపేట. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తా. వయసు 34, మొదలుపెట్టినప్పుడు బరువు 93.4. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వచ్చింది. డాక్టర్ మందులేమీ రాయలేదు, బరువు తగ్గమని మాత్రం గట్టిగా చెప్పాడు. జిమ్‌కి వెళ్లే ఫ్రెండ్ ఒకడు ఈ పద్ధతి చెప్పాడు. అయిదు రోజులు కార్బ్స్ (పిండి పదార్థాలు, చక్కెరలు) 50 గ్రాముల లోపు, తర్వాత రెండు రోజులు అన్నం, రొట్టె, పండ్లు మామూలుగా. సోమ నుంచి శుక్ర కట్, శని ఆది రీఫీడ్. వినగానే నా కోసమే కనిపెట్టారేమో అనిపించింది. శని ఆదివారాలు ఎలాగూ పెళ్లి భోజనాలే కదా!

మొదటి మూడు వారాల్లో నాలుగు కిలోలు పోయాయి. ఇంట్లో స్వీట్ పంచా (నేను తినలేదు). ఆ తర్వాత నాలుగు వారాలుగా ఇదీ వరస: శుక్రవారం 89.2, సోమవారం 91.3, మళ్లీ శుక్రవారం 89.4, మళ్లీ సోమవారం 91.

పైగా ముహూర్తాలు వారాలు చూసుకుని రావు. పోయిన వారం బుధవారం రాత్రి సంగీత్, గురువారం తెల్లవారుజామున 4.37కి ముహూర్తం, శనివారం రిసెప్షన్. ఫొటోగ్రాఫర్‌కి భోజనం దొరికేది చివరి బంతిలో, మధ్యాహ్నం మూడున్నర దాటాక. అప్పటికి చికెన్ గిన్నెలో గ్రేవీ, రెండు ఎముకలు మిగులుతాయి. బగారా అన్నం మాత్రం కావలసినంత. ఏం చేయను, తిన్నా. రాత్రి రెండింటి దాకా ఎడిటింగ్. నిద్ర నాలుగైదు గంటలు. తలనొప్పి, చిరాకు. లైట్ స్టాండ్ అడ్డంగా పెట్టాడని మా అసిస్టెంట్ కుర్రాడి మీద అందరి ముందూ అరిచేశా.

షెడ్యూల్ తన చేతిలో లేనివాడికి ఈ సైకిల్ పనిచేస్తుందా? మానేయమంటారా?

అమీర్‌పేట_అబ్బాయి
సైకిల్ నీది కాదన్నా, పంతులుగారిది. ఆయన పంచాంగం తిప్పుతున్నాడు, నువ్వు తొక్కుతున్నావు.

జిమ్_సత్తి
ముందు ఆ సోమవారం 91 చూసి భయపడటం మానెయ్ బ్రో. అది కొవ్వు కాదు, నీళ్లు. మనం తిన్న కార్బ్స్‌లో కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటాం. మొత్తం కలిపి దాదాపు అరకిలో. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది. లో కార్బ్ రోజుల్లో అది చాలావరకు ఖాళీ అవుతుంది, శని ఆదివారాల్లో నిండుతుంది. నీ రెండు కిలోలు అక్కడే ఉన్నాయి. నిజంగా రెండు కిలోల కొవ్వు చేరాలంటే నీ ఖర్చు పోను ఇంకో 15 వేల క్యాలరీలు తినాలి. ఎన్ని బంతులు కూర్చుంటే అంత అవుతుందో లెక్కేసుకో.

సోమవారం తూగకు. శుక్రవారాన్ని శుక్రవారంతోనే పోల్చు.

కెమెరా_కిట్టు
శుక్రవారాలే పోల్చా సత్తి అన్నా. 89.2, 89.4, 89.1, 89.3. నీళ్లు సరే, మరి కొవ్వు కూడా కదలట్లేదుగా.

జొన్నరొట్టె_జోగి
అన్నం బదులు జొన్న రొట్టె తిను తమ్ముడూ. అందులో కార్బ్స్ ఉండవు. మా తాతలు అదే తిని 90 ఏళ్లు బతికారు.

సిస్టర్_తార్నాక
జోగి గారూ, జొన్న రొట్టెలో కార్బ్స్ లేకపోవడమేంటి! మా ఇంటికి దగ్గర్లోనే ఉంది జాతీయ పోషకాహార సంస్థ. వాళ్లు 2017లో వేసిన ఆహార పట్టికల్లో చూడండి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో 78 గ్రాముల కార్బ్స్ ఉంటే, జొన్నల్లో 68 దాకా, రాగుల్లో 67 దాకా ఉన్నాయి. పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది, రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. ఆ లాభం నిజమే. కానీ 50 గ్రాముల లెక్క పెట్టుకున్నవాడికి రెండు పెద్ద రొట్టెలతోనే ఆ రోజు కోటా అయిపోతుంది.

జొన్నరొట్టె_జోగి
అంటే మా తాత అబద్ధమా?

సిస్టర్_తార్నాక
తాతగారు నిజమే. తాతగారు పొలం దున్నారు కదా. మీరేం దున్నుతున్నారు?

అమీర్‌పేట_అబ్బాయి
కీబోర్డు 😄

నైట్‌షిఫ్ట్_నీలిమ
నాది రాయదుర్గంలో అమెరికా షిఫ్ట్. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర. ఇదే పద్ధతి అయిదు నెలలు చేశా, 7 కిలోలు తగ్గా. కాబట్టి పనిచేయదని మాత్రం ఎవరూ అనొద్దు. కాకపోతే నేను వారాలు చూడలేదు. నాకు ఆఫ్ ఎప్పుడొస్తే అప్పుడే అన్నం రోజు. రోస్టర్ ముందే వస్తుంది కాబట్టి కుదిరింది. అర్ధరాత్రి క్యాంటీన్‌లో జీరా రైస్, ఆలూ తప్ప ఏమీ ఉండవు. అందుకే ఇంటి నుంచి డబ్బా. వంట మొత్తం ఆఫ్ రోజునే: కిలోన్నర చికెన్ ఒకేసారి వేపుడు చేసి, డబ్బాల్లో సర్ది, రెండు రోజులవి ఫ్రిజ్‌లో, మిగతావి డీప్ ఫ్రీజర్‌లో. పక్కకి క్యాబేజీ వేపుడో, సొరకాయ కూరో, పెరుగో. రోజూ అదే తినడం బోర్ కొట్టదా అంటారు. రాత్రి రెండింటికి క్లయింట్ కాల్‌లో ఉన్నప్పుడు రుచి ఎవడు చూస్తాడు!

కిట్టూ, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. రోజుకి ఎన్ని చాయ్‌లు తాగుతావు?

కెమెరా_కిట్టు
చాయ్ కూడా లెక్కేనా?

నైట్‌షిఫ్ట్_నీలిమ
దొరికావు.

జిమ్_సత్తి
🤦

కెమెరా_కిట్టు
ఫంక్షన్ హాల్లో ఎవరో ఒకరు ట్రే తెస్తూనే ఉంటారక్కా, వద్దంటే బాధపడతారు. ఆరు. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే ఎనిమిది. ఎడిటింగ్ అప్పుడు కింద ఇరానీ హోటల్ నుంచి ఇంకో రెండు.

నైట్‌షిఫ్ట్_నీలిమ
చిన్న కప్పే అనుకో. రెండు చెంచాల చక్కెర అంటే 8 నుంచి 10 గ్రాములు. పాలల్లో ఉండే చక్కెర ఇంకో రెండు గ్రాములు. కప్పుకి 10 పైనే. ఆరు కప్పులంటే 60 దాటింది. నువ్వు అన్నం మెతుకు ముట్టకుండానే నీ 50 అయిపోయింది తమ్ముడూ! కార్బ్స్ తక్కువైన రోజంటూ నీకు అసలు లేనే లేదు. నాకూ మొదటి నెల ఇదే జరిగింది. బిస్కెట్ మానేశానని సంబరపడి చాయ్ తాగుతూ కూర్చున్నా.

కెమెరా_కిట్టు
ఏడు వారాలు ఇడ్లీ మానేసి ఏడ్చింది ఇందుకా నేను.

మోండా_మూర్తి
మరి ఆ మొదటి నాలుగు కిలోలు ఎలా పోయాయని అడగరేం ఎవరూ? రాత్రి ఎడిటింగ్‌లో తినే మిర్చి బజ్జీలు, సమోసాలు, పొద్దున ఇడ్లీ వడ మానేశాడు. మొత్తం తిండి తగ్గింది, అందుకే పోయాయి. దీనికి కీటోసిస్ (కార్బ్స్ అందక శరీరం కొవ్వును కరిగించి వాడుకోవడం) అనే పెద్ద మాటలు అక్కర్లేదు. కొబ్బరినూనె డైట్ జోరు మీదున్న రోజుల్లో నేనూ చేశా, 11 కిలోలు తగ్గా. మా కాలనీలో సగం మంది చేశారు. ఆపాక నేను మళ్లీ మునుపటిలాగే తిన్నా, తొమ్మిది కిలోలు తిరిగొచ్చాయి. డైట్‌ని తిట్టను. ఆపాక ఏం తినాలో నేను ఆలోచించుకోలేదు. నాకిప్పుడు 61. పొద్దున అన్నం, రాత్రి రెండు పుల్కాలు, కూర ఎక్కువ. అంతే.

జిమ్_సత్తి
మూర్తి గారి మాటతో సగం ఏకీభవిస్తా. కానీ కీటోసిస్ వట్టి మాటేం కాదు. ఆకలి తగ్గుతుంది, చాలామందికి అదే పెద్ద ఉపకారం. కిట్టు చాయ్‌లో చక్కెర మానేసి, నెల రోజులు కచ్చితంగా చేసి చూడాలి. అప్పుడు చెప్పమనండి.

సిస్టర్_తార్నాక
సత్తీ, కచ్చితంగా ఎలా చేస్తాడు? కార్బ్స్ బాగా తిన్న రోజు తర్వాత శరీరం మళ్లీ కీటోసిస్‌లోకి రావడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆయన వారం చూడు. బుధవారం సంగీత్, గురువారం పెళ్లి, శనివారం రిసెప్షన్. లోపలికి వెళ్లేది ఎప్పుడు, బయటికి వచ్చేది ఎప్పుడు? గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. ప్రతిసారీ ఆ తలనొప్పి, నీరసం మళ్లీ మొదటి నుంచి. కార్బ్స్ తగ్గగానే కిడ్నీలు నీటితో పాటు ఉప్పునీ ఎక్కువ బయటికి పంపుతాయి. చాలామందికి తల పట్టేసేది అందుకే. మజ్జిగలో ఉప్పేసుకుని తాగితే సగం తగ్గుతుంది. కిట్టు గారి తలనొప్పి మాత్రం నిద్ర లేకపోవడం వల్ల అని నా అనుమానం. నాలుగు గంటలు పడుకుని ఏ డైట్ చేసినా మర్నాడు ఆకలి చంపుతుంది.

అసలు ఈ సైక్లికల్ పద్ధతి బాడీ బిల్డర్లు వాడింది. బరువులెత్తి కండరాల్లో ఉన్న గ్లైకోజెన్ ఖాళీ చేసుకుంటారు, వారాంతంలో నింపుకుంటారు. కెమెరా పట్టుకుని పన్నెండు గంటలు నిలబడటం కష్టమే, కాదనను. కానీ అది ఆ రకం కష్టం కాదు.

కెమెరా_కిట్టు
సిస్టర్ గారూ, రెండు కెమెరా బాడీలు, 70-200 లెన్స్ మెడకు వేసుకుని ఒక్క అప్పగింతలు తీసి చూడండి, ఏ కండరం ఖాళీ అవుతుందో తెలుస్తుంది 😀

రెండు_పొయ్యిలు
ఇంతమంది మాట్లాడారు, ఇంట్లో వండేవాళ్ల గురించి ఒక్కరూ అనలేదు. మా ఆయన ఇదే సైకిల్ నాలుగు నెలలు చేశాడు. ఆయనకి కాలీఫ్లవర్ తురిమి అన్నంలా చేయాలి. పిల్లలకి మామూలు అన్నం. అత్తమ్మకి షుగర్, ఆమెకి వేరే. పొద్దున ఏడున్నరకి స్కూల్ బస్సు, తొమ్మిదికి నా ఆఫీసు. రీఫీడ్ రోజున ఆయనకి దోసెలు కావాలి, ఆ రోజే నాకు సెలవు. బరువు ఆయన తగ్గాడు. నేనూ తగ్గా, డైట్ చేయకుండానే.

పప్పుచారు_పద్మ
రెండు_పొయ్యిలు అక్కా, మీ పోస్టు మా ఇంటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టనా?

రెండు_పొయ్యిలు
పెట్టండి. మా ఆయన ఉన్న గ్రూపైతే ఇంకా మంచిది.

కెమెరా_కిట్టు
అక్కా, నా గుడ్లు నేనే ఉడకబెట్టుకుంటున్నా. కానీ ఆ గుడ్లది ఇంకో కథ. మూడో వారంలో పెళ్లి తిండి తప్పించుకుందామని ఆరు గుడ్లు డబ్బాలో పెట్టి లెన్స్ బ్యాగులో వేశా. ఎండాకాలం, శామీర్‌పేట దగ్గర ఓపెన్ లాన్స్. పొద్దున అయిదింటికి పెట్టినవి మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చాయి. స్టేజీ మీద బ్యాగ్ జిప్ తీశా. పెళ్లికూతురి మేనమామ చుట్టూ చూసి, 'డ్రైనేజీ ఏమైనా లీకవుతోందా, మేనేజర్‌ని పిలవండి' అన్నాడు. మేనేజర్ వచ్చాడు, ప్లంబర్ని పంపాడు. ప్లంబర్ స్టేజీ కింద టార్చి వేసి వెతుకుతుంటే నేను తలంబ్రాలు షూట్ చేస్తున్నా. నోరు మెదపలేదు.

అమీర్‌పేట_అబ్బాయి
ఆల్బమ్‌లో ప్లంబర్ ఉన్నాడా?

కెమెరా_కిట్టు
క్యాండిడ్‌లో ఒకటి ఉంది.

పప్పుచారు_పద్మ
గుడ్డు కూడా తినని మాలాంటి వాళ్ల సంగతేంటి? మల్కాజిగిరిలో స్కూల్ టీచర్‌ని. లో కార్బ్ అనగానే అందరూ చికెన్ అంటారు. పనీర్ రోజూ తినలేం. పప్పులో ప్రోటీన్ ఉందని తింటే సగం పైనే కార్బ్స్. పల్లీలు మొదలుపెడితే చేయి ఆగదు.

నైట్‌షిఫ్ట్_నీలిమ
మీల్‌మేకర్ ప్రయత్నించారా పద్మ గారూ? వంద గ్రాముల ఎండువాటిలో 50 గ్రాముల పైనే ప్రోటీన్. గోంగూరతో కలిపి వండితే మా రూమ్మేట్ మటన్ అనుకుంది. అనుకుంది అంటే, మర్యాదకి అంది.

సిస్టర్_తార్నాక
పద్మ గారూ, మీరు 50 గ్రాముల జోలికి వెళ్లక్కర్లేదు. పళ్లెంలో సగం కూరలు పెట్టండి, గట్టి పప్పు ఒక కప్పు, పెరుగు, అన్నం పిడికెడు. శాకాహారంలో అంతకన్నా తగ్గిస్తే తినడానికి మిగిలేది పనీర్, కోపం.

వనస్థలి_వంశీ
మా నాన్నకి షుగర్, పదేళ్లుగా గోలీలు వాడుతున్నాడు. ఈ పోస్టులు చూసి రేపటి నుంచే అన్నం మానేస్తానంటున్నాడు. చేయొచ్చా?

సిస్టర్_తార్నాక
వంశీ గారూ, రేపటి నుంచి వద్దు. ముందు ఆయన మందుల చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు గానీ ఇన్సులిన్ గానీ ఉంటే, అన్నం ఒక్కసారిగా మానేసి మందు అంతే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం గోలీలైతే ఇంకో ప్రమాదం ఉంది. వాటి మీద ఉండి కార్బ్స్ బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లం పెరిగే కీటోయాసిడోసిస్ రావొచ్చు. షుగర్ రీడింగ్ పెద్దగా పెరగకుండానే వస్తుంది కాబట్టి ఇంట్లో మిషన్ చూసి బాగానే ఉందనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. వార్డులో చూశాను కాబట్టి చెబుతున్నా.

మోడరేటర్_హైదరాబాద్
పై పోస్టు అందరూ చదవండి. మందుల డోసు గురించి ఇక్కడ ఎవరూ ఎవరికీ సలహాలు ఇవ్వొద్దు. ఇచ్చిన రెండు పోస్టులు తీసేశాం.

వనస్థలి_వంశీ
థ్యాంక్స్ సిస్టర్. చీటీలో ఆ రెండో రకం గోలీ ఉంది. నాన్నకి చూపించా, గమ్మున అన్నం పెట్టించుకున్నాడు. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

మోండా_మూర్తి
బియ్యం పూర్తిగా వదలలేని వాళ్లకి తెలంగాణ సోనా ఉంది, ఆర్‌ఎన్‌ఆర్ 15048. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లదే. మామూలు సన్నబియ్యంతో పోలిస్తే చక్కెర కొంచెం నెమ్మదిగా పెంచుతుంది. అలాగని మూడు పళ్లాలు తింటే ఏ సోనా అయినా ఒకటే.

జిమ్_సత్తి
అందరూ కిట్టుని లో కార్బ్ నుంచి దింపేలా ఉన్నారు. నేను ఒప్పుకోను. నీలిమ గారికి పనిచేసింది, నాకు పనిచేసింది.

సిస్టర్_తార్నాక
పనిచేయదని ఎవరన్నారు? స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మంది మీద ఏడాది పాటు చేసిన డైట్‌ఫిట్స్ అధ్యయనం 2018లో వచ్చింది. తిండిలో కొవ్వు తగ్గించిన వాళ్లు సగటున 5.3 కిలోలు తగ్గారు, కార్బ్స్ తగ్గించిన వాళ్లు 6. లెక్కలోకి తీసుకునేంత తేడా కాదు. రెండు గుంపులకీ చక్కెర, మైదా మానేసి కూరగాయలు బాగా తినమనే చెప్పారు. నీలిమకి రోస్టర్ ఉంది, డీప్ ఫ్రీజర్ ఉంది. సత్తికి జిమ్ ఉంది. కిట్టుకి ఉన్నది చివరి బంతి. అక్కడి నుంచి ఆలోచించాలి.

నైట్‌షిఫ్ట్_నీలిమ
ఇది నిజం. నాకే రోస్టర్ మారిన నెలలో మొత్తం చెడిపోయింది. కిట్టూ, 50 వదిలెయ్. మామూలు రోజుల్లో 100, 120 గ్రాములు చాలు: పొద్దున గుడ్లు, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి కూర, చికెన్. పెళ్లి రోజున ఇంట్లోంచి బయలుదేరే ముందే కడుపు నిండా తిని వెళ్లు. చివరి బంతికి ఆకలితో కూర్చుంటే బగారా అన్నమే గెలుస్తుంది.

జొన్నరొట్టె_జోగి
క్యాటరింగ్ మేస్త్రీతో దోస్తీ చెయ్ తమ్ముడూ. నేను క్యాటరింగ్‌లో ఎనిమిదేళ్లు చేశా. మొదటి బంతి లేవకముందే వంట దగ్గరికి పోయి, 'అన్నా, ఫొటో వాళ్లకి నాలుగు ముక్కలు పక్కన పెట్టు' అని ఒక మాట చెప్తే పెడతారు. వాళ్లకి ఒక మంచి గ్రూప్ ఫొటో తీసివ్వు. జీవితాంతం లెగ్ పీసులే.

కెమెరా_కిట్టు
జోగి అన్నా, ఈ మొత్తం చర్చలో ఇంత పనికొచ్చే సలహా ఇంకోటి లేదు.

సిస్టర్_తార్నాక
ఒప్పుకుంటున్నా. జొన్న రొట్టె సంగతి మాత్రం ఒప్పుకోను.

అమీర్‌పేట_అబ్బాయి
ముస్లిం పెళ్లిళ్ల ఆర్డర్లు ఎక్కువ పట్టన్నా. మటన్ సూప్ మరగ్, రాతి మీద కాల్చే పత్తర్ కా గోష్త్. డైట్ దానంతటదే అయిపోతుంది. హలీం కూడా మటనే.

నైట్‌షిఫ్ట్_నీలిమ
హలీంలో గోధుమలు ఎవరు వేశారు, మీ తాతా?

జొన్నరొట్టె_జోగి
మా తాతని ఎందుకు లాగుతున్నారు మళ్లీ.

కెమెరా_కిట్టు
అయిదు వారాల తర్వాత వచ్చా. కొందరు మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నా.

సైకిల్ ఆపేశా. చాయ్ రోజుకి మూడు, చక్కెర లేకుండా. మొదటి వారం కషాయంలా ఉంది, ఇప్పుడు అలవాటైంది. ఒక కప్పు అన్నం రోజూ తింటున్నా. పెళ్లి రోజుల్లో తెల్లవారుజామున మూడింటికే నాలుగు గుడ్ల ఆమ్లెట్, పెరుగు. జోగి అన్న చెప్పినట్టు మేస్త్రీలకి ఫొటోలు తీసిస్తున్నా. ఉప్పల్‌లో ఒకాయన తన ఫొటో ఫ్రేమ్ కట్టించుకుని, నాకు ఏకంగా డబ్బా కట్టిచ్చాడు: చికెన్ ఫ్రై, వంకాయ. ఎడిటింగ్ రాత్రి పన్నెండుకి ఆపుతున్నా. డెలివరీ పది రోజులు ఆలస్యమని కస్టమర్లకి ముందే చెప్పేస్తున్నా. ఇద్దరు గొణిగారు, మిగతా వాళ్లు సరే అన్నారు.

బరువు 87.1. సత్తి అన్నా, వేగంగా కాదు, తెలుసు. అసిస్టెంట్ కుర్రాడికి సారీ చెప్పి బిర్యానీ తినిపించా. నేనూ తిన్నా, మర్నాడు తూగలేదు.

ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు. నెలంతా ఇంటి తిండే. శ్రావణం దాకా ఢోకా లేదు.

మోండా_మూర్తి
ఆషాఢమని సంబరపడుతున్నావు, బోనాలు మరిచావా? గోల్కొండ, తర్వాత మా మహంకాళమ్మ, తర్వాత లాల్‌దర్వాజ. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు మటన్‌కి పిలుస్తారు.

జిమ్_సత్తి
మటన్ లో కార్బే కదా.

రెండు_పొయ్యిలు
మటన్ పక్కన బగారా ఎవరు వండుతారో కూడా చెప్పండి సత్తి గారూ.

అమీర్‌పేట_అబ్బాయి
కల్లులో కార్బ్స్ ఎన్ని సిస్టర్ గారూ? ఫ్రెండ్ కోసం అడుగుతున్నా.

సిస్టర్_తార్నాక
మీ ఫ్రెండ్‌ని పొద్దున్నే తాగమనండి. పులిసే కొద్దీ చక్కెర తగ్గి మత్తు పెరుగుతుంది. ఏది తగ్గించుకోవాలో ఆయనే తేల్చుకుంటాడు.

కెమెరా_కిట్టు
లాల్‌దర్వాజ ఆదివారం నాకు షూట్ ఉంది, తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి దాకా. అన్ని గంటలు ఉండాలి కాబట్టి గుడ్లు పట్టుకెళ్తున్నా. ఈసారి ఐస్ ప్యాక్ వేసి, అసిస్టెంట్ బ్యాగులో.

అమీర్‌పేట_అబ్బాయి
ప్లంబర్‌కి చెప్పావా?